ఇదొక్కటే తక్కువైంది!

అమ్మాయీ,

ఆ ఫ్రెంచి కథకు నీ అనువాదం అందింది. రెండుసార్లు చదివాను. వాక్యాలు బాగానే నడుస్తున్నాయి గానీ నాలుగో పేజీలో ఆగిపోయాను. ప్యారిస్‌లో ఉన్న కొడుకు అమ్మకు ఉత్తరం రాస్తూ ‘తు మ మాంక్’ అంటాడు. నువ్వేమో ‘నువ్వు నన్ను మిస్ అవుతున్నావు’ అని రాశావు. బెంగ కొడుకుది, దాన్ని అమ్మకు అంటగట్టావు.

టెన్షన్ పడకు. నా మొదటి అనువాదంలో నేనూ ఇదే చేశాను. ‘మా మేర్ మ మాంక్’ అని ఉంటే ‘అమ్మ నా మీద బెంగపెట్టుకుంది’ అని రాసేశాను. తీరా చూస్తే ఆవిడ కథ మొదలయ్యేసరికే పోయింది! ప్రూఫులు చూసే పెద్దాయన పక్కనే ఎర్ర సిరాతో ‘పరలోకం నుంచా?’ అని రాసి పంపాడు.

మనం ఫ్రెంచి దగ్గరికి ఇంగ్లీషు మీదుగా వెళ్తాం. డిక్షనరీలో ‘మాంకే’ ఎదురుగా ‘మిస్’ అని ఉంటుంది. ‘ఐ మిస్ యూ’లో బెంగపడేవాడు కర్త. ఫ్రెంచిలో ఎదుట లేని మనిషే కర్త. బెంగపడేవాడు ‘మ’, అంటే ‘నాకు’. నాకు ఆకలేస్తోంది, నాకు నిద్రొస్తోంది అనుకునే మనకు ఇదేం కొత్త? ‘నువ్వు లేని లోటు నాకు తెలుస్తోంది’ అంటే దాదాపు అదే. కానీ కొడుకు అమ్మకు అలా రాయడు, అది సంతాపసభలో మాట. ‘అమ్మా, నీ మీద బెంగగా ఉందే’ అంటాడు.

ఈ ఒక్క ఫ్రెంచి క్రియకి ఇంగ్లీషువాడికి చాలా మాటలు కావాలి. రైలుకి ‘మిస్’, ఇచ్చిన మాటకి ‘బ్రేక్’. మనకైతే రైలు తప్పింది, మాట తప్పాడు, గురి తప్పింది: ఒక్క ‘తప్పు’తో సరిపోతుంది. ‘సా మాంక్ ద సెల్’ అంటే ఉప్పు తక్కువైంది, అంతే. అన్నట్టు, తొమ్మిదో పేజీలో ముసలాయన్ని మెట్ల మీద నిజంగానే పడేశావు. ‘ఇల్ ఆ మాంకే ద తోంబే’ అంటే పడబోయాడు. పాపం, ఆయన పడలేదు.

ఈ మాట ఇటాలియన్ ‘మాంకారే’ నుంచి వచ్చింది. దాని వెనక లాటిన్ ‘మాంకుస్’ ఉంది: చెయ్యి అవిటిదైనవాడు. అయినవాళ్ళు పోతే కుడిభుజం పడిపోయినట్టయిందని మనవాళ్ళు అంటారే, అది గుర్తొచ్చి ఆ రాత్రి డిక్షనరీ మూసి చాలాసేపు కూర్చున్నాను.

ఇక ఆఖరి పేజీ. ఇల్లు కురుస్తోంది, అంతలో కరెంటు పోయింది. ఆవిడ ‘ఇల్ న మాంకే ప్లు క సా!’ అంటుంది. నువ్వు ‘మనకు కావలసిందల్లా ఇదే’ అని రాశావు. కరెంటు పోయినందుకు ఆవిడ సంబరపడుతున్నట్టుంది! మీ అమ్మమ్మయితే ఏమంటుంది? ‘ఇదొక్కటే తక్కువైంది!’ అనదూ? ‘తక్కువ’తో సహా ఫ్రెంచివాళ్ళ మాటే అది.

ఆ పేజీ మార్చి, ముసలాయన్ని లేపి నిలబెట్టి, మళ్ళీ పంపు.