బెర్లిన్‌లోని హోలోకాస్ట్ స్మారకాల వల్ల నిజంగా ఉపయోగం ఉందా?

బ్రాండెన్‌బర్గ్ గేట్ దగ్గర, నాజీలు చంపిన యూదుల స్మారకంగా నిలిపిన కాంక్రీటు దిమ్మెల మీద పిల్లలు గెంతుతుంటే, జనం సెల్ఫీలు దిగుతుంటే మనసు చివుక్కుమందని, ఇలాంటి కళ వల్ల ఒరిగేదేమిటని అడిగారు. కొన్నేళ్లుగా బెర్లిన్‌లోనే ఉంటున్నాను కాబట్టి నాకు తోచింది చెబుతాను.

ఉపయోగం ఉంది. కాకపోతే అక్కడి నుంచి మొదలుపెట్టకూడదు. ఆర్కిటెక్ట్ పీటర్ ఐసెన్‌మన్ రూపొందించిన ఆ స్మారకాన్ని 2005లో తెరిచారు. 2,711 దిమ్మెలు, ఒక్కదాని మీదా పేరు లేదు. లోపలికి నడిచేకొద్దీ నేల దిగిపోతుంది, దిమ్మెలు తలకు మించి లేస్తాయి, వెంట వస్తున్న మనిషి కనబడకుండా పోతాడు. ఆ బెదురు నిజమే. కానీ చంపింది ఎవరిని అన్నది పైన తెలియదు. కింద సమాచార కేంద్రం ఉంది. అక్కడొక గదిలో హతుల పేర్లు, వాళ్ల బతుకు గురించి నాలుగు మాటలు ఒకరి తర్వాత ఒకరివి వినిపిస్తారు. టికెట్ లేదు, సోమవారం సెలవు. ఫొటోలు దిగేవాళ్లలో చాలామంది అక్కడికి దిగరు.

నన్ను పట్టుకున్నవి మాత్రం కాలిబాటలో పొదిగిన చిన్న ఇత్తడి పలకలు. స్టోల్‌పర్‌స్టైన్ అంటారు, కాలికి తట్టుకునే రాయి అని అర్థం. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990లలో మొదలుపెట్టారు, 2023లో లక్షకు చేరాయి. పది సెంటీమీటర్ల చదరం, అంతే. మా భవనం గుమ్మం ముందు నాలుగున్నాయి. 'ఇక్కడ నివసించారు' అని మొదలై పేరు, పుట్టిన ఏడు, తీసుకెళ్లిన తేదీ, చివర ఆష్‌విట్జ్ అనే నాజీ మరణ శిబిరం పేరు. నాలుగో పలక మీది పాప పుట్టింది 1934లో, తీసుకెళ్లింది 1943 మార్చిలో. మేం రోజూ ఎక్కే మెట్లే ఆ పాపా ఎక్కింది.

1938లో యూదుల దుకాణాలు పగలగొట్టి, ప్రార్థనాలయాలు తగలబెట్టిన రాత్రిని తలచుకుంటూ ఏటా నవంబర్ 9న ఇరుగుపొరుగు వచ్చి వీటిని తోముతారు. పక్కనే కొవ్వొత్తి వెలిగిస్తారు. కింది అంతస్తు పెద్దావిడ ఓసారి నా చేతికీ పాలిష్ డబ్బా, స్పాంజి ఇచ్చారు. అక్షరాల గాడుల్లో నలుపు వదలాలంటే మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో అక్షరమే రుద్దాలి. అలా తోమిన పేరు ఇక మరుపుకు రాదు.

కాళ్ల కింద పేర్లేమిటని మీకూ అనిపించవచ్చు. కాగితానికి కాలు తగిలితేనే కళ్లకద్దుకునేవాళ్లం కదా. మ్యూనిక్‌లో యూదు సమాజ నాయకురాలు షార్లొట్ క్నోబ్లోఖ్ అభ్యంతరమూ ఇదే. అక్కడి నగరపాలక సంస్థ బహిరంగ స్థలాల్లో వీటిని ఒప్పుకోలేదు, గోడలకూ స్తంభాలకూ పలకలు పెడుతోంది. ఆమె చిన్నతనంలో నాజీల నుంచి దాక్కుని బతికిన మనిషి, ఆ మాటను నేను తీసిపారేయలేను. మా వీధిలో తొక్కుకుంటూ పోయేవాళ్లూ ఉన్నారు, ఆగి తల వంచి చదివేవాళ్లూ ఉన్నారు. ఆ రెండోవాళ్ల కోసమైనా ఇవి ఉండాలంటాను.

ఎస్7 రైలెక్కి గ్రునెవాల్డ్‌లో దిగండి. యూదులను రైళ్లలో తరలించిన 17వ ప్లాట్‌ఫారం అంచున 186 ఉక్కు పలకలు వరుసగా ఉంటాయి. తేదీ, ఎంతమంది యూదులు, ఎక్కడికి, అంతే రాసి ఉంటుంది. 1941 నాటి మొదటి పలకల మీద వెయ్యికి పైబడిన అంకెలు. పోనుపోను పదుల్లోకి పడిపోతాయి. 1945లో నగరం బాంబులకు కూలుతున్నా ఆ కొద్దిమందిని తరలించడం మానలేదు. ఇక ఏ రైలూ ఇక్కణ్ణుంచి కదలకూడదని పట్టాల మధ్య చెట్లను పెరగనిచ్చారు.

ఒక్కరోజే ఉంటే పొద్దున గ్రునెవాల్డ్, మధ్యాహ్నం సమాచార కేంద్రం, చివరగా దిమ్మెలు చూడండి.