మొత్తం వచ్చింది, బస్తాలు ఎవరివి?

ప్రశ్న: మేడం, నేను బీసీఏ చివరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం ఉల్లిగడ్డల తూకాలు ప్రోగ్రామింగ్ భాష అయిన జావాస్క్రిప్ట్‌లో పెట్టుకున్నాను. పెద్ద అర్రేలో, అంటే వరుస జాబితాలో, మండలాలు, మండలం లోపల ఊళ్లు, ఊరి లోపల రైతులు, రైతు లోపల తూకాలు. మొత్తం కూడదామని, లోపలి అర్రేలను విప్పి ఒకే వరుస చేసే ఫ్లాట్ వాడితే ఇంకా అర్రేలే మిగిలాయి. రెండు రోజులుగా ఒకటే టెన్షన్.
– ఒక విద్యార్థిని, ఆదోని

జవాబు: టెన్షన్ వద్దు తల్లీ. ఫ్లాట్ పక్కన బ్రాకెట్లలో ఎన్ని పొరలో ఇవ్వకపోతే అది ఒక్క పొరే విప్పుతుంది. [1, [2, [3, [4]]]] మీద నడిపి చూడు, [1, 2, [3, [4]]] వస్తుంది. నీ తూకాలకు 3 ఇస్తే చాలు. ఎన్ని పొరలున్నాయో తెలియనప్పుడు ఇన్ఫినిటీ ఇవ్వు, అన్నీ విడిపోతాయి.

ఫ్లాట్ జావాస్క్రిప్ట్ 2019 ప్రమాణంతో వచ్చింది కాబట్టి ల్యాబ్‌లో బాగా పాత బ్రౌజర్ ఉంటే పనిచేయదు. అప్పుడు చేత్తో రాసుకో. అర్రేలోవన్నీ ఇంకో అర్రేలో పోసుకుని చివర్నుంచి ఒక్కొక్కటే పాప్ చెయ్యి, అంటే బయటికి తియ్యి. చేతికొచ్చింది అర్రే అయితే అందులోవి మళ్లీ అక్కడికే చివర్న పుష్ చెయ్యి (చేర్చు), అంకె అయితే ఫలితంలో వెయ్యి. వెనక నుంచి తీశావు కాబట్టి ఆఖర్న రివర్స్ చెయ్యాలి, ఇది మరిచిపోవద్దు.

ఇప్పుడు అసలు మాట. కర్నూలులో ఒక మండీకి ఇలాంటి లెక్కే రాసిచ్చాను. తూకాలన్నీ ఒకే వరుసలోకి తెచ్చాను, మొత్తం కిలోతో సహా సరిపోయింది. సాయంత్రం ఒక పెద్దాయన వచ్చి, "మేడమ్మా, నా పదకొండు బస్తాలు ఎంత తూగినాయి?" అన్నాడు. స్క్రీన్ మీద 48, 51, 50 అని అంకెలున్నాయి. ఏది ఎవరిదో లేదు. ఆయన తలగుడ్డ తీసి పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. చిత్తు పుస్తకం తెప్పించి, రాత్రి పది దాకా వెతికి చెప్పాను. ఆ పొరలే ఆయన పేరు, ఆయన ఊరు. విప్పేసింది నేనే.

అందుకే ముందు ప్రతి తూకాన్నీ ఊరు, రైతు పేరుతో కలిపి ఒక ఆబ్జెక్టుగా చెయ్యి. ఆ తర్వాతే విప్పు. పేర్లు లేకపోతే ఎన్నో ఊరు, ఎన్నో రైతు అన్న నంబరైనా పెట్టు.

ఇంకొకటి, అర్రే మధ్యలో ఖాళీ స్థానం ఉంటే ఫ్లాట్ దాన్ని వదిలేస్తుంది. విలువ లేదని చెప్పే నల్ రాసి ఉంటే ఉంచుతుంది. తూకం కాని బస్తా ఉన్నచోట నల్ రాస్తే కూడినప్పుడు మొత్తం మారదు, బస్తాల లెక్కా తప్పదు.