ముందు ముక్కలు వేరు చెయ్యి, తర్వాతే కత్తెర

చిట్టితల్లీ,

బొంతలు కుట్టేవాళ్ళ దగ్గర మిగిలిపోయిన బ్యాటింగ్, అంటే బొంత లోపల వేసే మెత్తటి పొర, ముక్కలన్నీ అడిగి తెచ్చుకున్నావని, రెండు పెద్ద మూటలు గదిలో పెట్టుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వాటితో మసిగుడ్డలు, పసిపిల్లలకి దిండ్లు, బొమ్మలు కుట్టి తెలిసినవాళ్ళందరికీ ఇస్తావట కదా. విని చాలా గర్వంగా అనిపించింది. బొంత పైగుడ్డకి రంగులు ఎంచుకోవడానికి రోజులు తీసుకునేవాళ్ళు కూడా, లోపల వేసిన పొర అంచులు కత్తిరించాక ఆ ముక్కల వంక చూడరు. ఊడ్చి పారేస్తారు. నువ్వు మాత్రం అవి పనికొస్తాయని చూశావు. ఆ చూపు అందరికీ రాదు.

కానీ మసిగుడ్డలు అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఆ మూటల్లో ఏ ముక్క దేనితో చేసిందో పిల్లకి తెలుసా అని మీ అమ్మని అడిగాను. "ఏముందక్కా, అన్నీ తెల్లగా మెత్తగానే ఉన్నాయి" అంది. ఆ మాట వేరే ఎవరన్నా అని ఉంటే ఊరుకునేదాన్ని. మీ అమ్మే అనేసరికి భయం వేసింది. అందుకే ఈ ఉత్తరం. పూర్తిగా చదివాకే కత్తెర పట్టుకో.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ముక్కలన్నీ బయట దులుపు. బాగా మడతలు పడ్డవాటిని రెండు రోజులు పరిచి ఉంచితే అవే సర్దుకుంటాయి. పెద్దవి చుట్ట చుట్టి పెట్టు, పొడుగు పట్టీలు ఒక సంచిలో, అరచేతి కంటే చిన్నవి ఇంకో సంచిలో వెయ్యి. ఇవన్నీ నీకు తెలిసినవే.

అసలు పని జాతులు వేరు చెయ్యడం. కాటన్, పాలిస్టర్, ఉన్ని, వెదురు నారతో చేసినవి, కాటన్ 80 పాళ్ళు పాలిస్టర్ 20 పాళ్ళు కలిపినవి, ఇలా ఎన్నో రకాలు ఉంటాయి. ప్యాకెట్ మీద అయితే రాసి ఉంటుంది. కత్తిరించిన ముక్క మీద ఏం ఉంటుంది? పదిమంది ఇళ్ళ నుంచి వచ్చినవి ఒకే మూటలో కలిశాక, ఇచ్చినవాళ్ళని అడిగినా చెప్పలేరు. చేత్తో పట్టుకుని చెప్పగలననుకోకు. పాలిస్టర్ తేలిగ్గా, గాలి నింపినట్టు ఉంటుందనీ, కాటన్ పలచగా బరువుగా ఉంటుందనీ అంటారు. చాలాసార్లు నిజమే. కానీ అణిచి చేసిన పాలిస్టర్ అచ్చం కాటన్‌లాగే ఉంటుంది.

కాల్చి చూడాల్సిందే. పెరట్లోనో బాల్కనీలోనో చెయ్యి, గదిలో వద్దు. ఒక లోహపు గిన్నెలో నీళ్ళు పోసుకుని, ముక్క నుంచి చిన్న పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని గిన్నె మీదుగా మంట చూపించు. కాటన్ వెంటనే అంటుకుంటుంది, కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తటి బూడిద మిగులుతుంది. ఉన్ని అంత తొందరగా అంటుకోదు, మంట తీయగానే తనే ఆరిపోతుంది, జుట్టు కాలిన వాసన వేస్తుంది. నలిపితే పొడైపోతుంది. పాలిస్టర్ మంట దగ్గరికి రాగానే ముడుచుకుని, కరిగి, చుక్కగా జారుతుంది. చల్లారాక చూస్తే నలగని గట్టి పూస ఉంటుంది. బూడిదా పూసలూ రెండూ కనిపిస్తే అది కలిపి చేసినది. కలిపినదాన్ని వేడి దగ్గర పాలిస్టర్ కిందే లెక్క వెయ్యి. వెదురుది కూడా కాటన్‌లాగే కాలుతుంది, దానితో ఇబ్బంది లేదు. చూసిన ప్రతి ముక్కకీ ఒక చీటీ పిన్ను పెట్టు. "తర్వాత పెడదాంలే" అనుకున్న చీటీ ఎప్పటికీ పెట్టం.

ఇంత పట్టుబట్టడానికి కారణం చెబుతాను.

మీ అమ్మ కుడి అరచేతిలో బొటనవేలి మొదట్లో ఉన్న మచ్చ నీకు తెలుసు. చిన్నప్పుడు నువ్వు అడిగితే ఏదో కాలిందిలే అని మాట మార్చేది. అప్పటికి తనకి పెళ్ళి కాలేదు. మా అందరిలోనూ సూది పట్టడం తనకే బాగా వచ్చు. ఒక పెద్ద బొంత కుట్టాక మిగిలిన ముక్కలు ఒక సంచి నిండా ఉండేవి, వాటిలో ఎవరో ఇచ్చినవి కూడా కలిశాయి. నీలాగే వాటిని వదిలిపెట్టలేక, మసిగుడ్డలు కుట్టింది. చెయ్యి కాలకూడదని ఒక్కో దానిలో రెండేసి పొరలు వేసింది. చుట్టూ అంచు కట్టి, మధ్యలో పువ్వు ఆకారంలో కుట్టు వేసింది. చూసినవాళ్ళందరూ మాకూ ఒకటి కుట్టిపెట్టమన్నారు.

అవి చాలా రోజులు బాగానే పనిచేశాయి. అందులోనే ఉంది మోసం. నీళ్ళు మరిగే గిన్నె 100 డిగ్రీల చుట్టూనే ఉంటుంది. ఆ వేడికి పాలిస్టర్ కరగదు. కాబట్టి లోపల ఏముందో ఎవరికీ అనుమానం రాలేదు. ఒకరోజు ఖాళీ ఇనుప మూకుడు ఒకటి మంట మీద ఉండిపోయింది. ఎవరూ చూసుకోలేదు. తడి లేని ఇనుము అలా మంట మీద ఉంటే ఎంత వేడెక్కుతుందో నీకు తెలుసు. పాలిస్టర్ కరగడానికి 250, 260 డిగ్రీలు చాలు. మీ అమ్మ గబగబా వచ్చి, రెండు పొరల గుడ్డ ఉంది కదా అన్న ధైర్యంతో మూకుడు అంచు గట్టిగా పట్టుకుని దింపబోయింది.

కాటన్ అయితే మాడుతుంది, వాసన వస్తుంది, చెయ్యి చురుక్కుమని వదిలేస్తాం. పాలిస్టర్ కరిగి పైగుడ్డ నేతలోంచి బయటికి వచ్చి చర్మానికి అంటుకుంది. మూకుడు వదిలేసినా గుడ్డ చేతిని వదల్లేదు. అది లాగేయబోయారు ఒకరు, టూత్‌పేస్ట్ తెచ్చారు ఇంకొకరు. నేను ఇద్దరినీ నెట్టేసి తన చెయ్యి కుళాయి కింద పెట్టి పట్టుకున్నాను. డాక్టరు తర్వాత అదే మంచిదయిందన్నారు. ఇది నువ్వు కూడా గుర్తుపెట్టుకో: కాలిన చోట చల్లటి నీళ్ళు 20 నిమిషాలు ధారగా పడాలి, మంచు పెట్టకూడదు, ఏదీ పూయకూడదు, చర్మానికి అంటుకున్నదాన్ని లాగకుండా అలాగే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మచ్చ కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది తర్వాత జరిగింది. వచ్చినవాళ్ళంతా "కాస్త చూసి పట్టుకోవాల్సింది" అని తననే అన్నారు. లోపల ఏం వేశారు అని ఒక్కరూ అడగలేదు. అందరూ వెళ్ళాక నేను మిగిలిన మసిగుడ్డలు విప్పి చూశాను. ఒకదానిలో రెండూ కాటన్. ఒకదానిలో రెండూ పాలిస్టర్. ఇంకోదానిలో ఒకటి అదీ ఒకటి ఇదీ. ఒకే సంచి, ఒకే చెయ్యి, ఒకే తెలుపు. అంత బాగా కుట్టే పిల్ల ఆ తర్వాత చాలాకాలం సూది ముట్టుకోలేదు. అందులో మీ అమ్మ తప్పేం ఉంది? ఆ సంచిలో రెండు రకాలున్నాయని చెప్పినవాళ్ళే లేరు. నీకు నేను చెబుతున్నాను.

ఈ సంగతి రాశానని తనతో వాదన పెట్టుకోకు. బాధని మర్చిపోవడానికి మనుషులు కారణాన్ని కూడా మర్చిపోతారు.

కాబట్టి మసిగుడ్డల్లోకి కాటన్ గానీ ఉన్ని గానీ మాత్రమే వెళ్ళాలి. పైగుడ్డా కాటనే, దారం కూడా కాటనే. దారంలో పాలిస్టర్ ఉంటే మొదట తెగిపోయేది కుట్టే. కాటన్ కూడా మంటకి అంటుకుంటుంది కాబట్టి పొయ్యి పక్కన పెట్టవద్దని తీసుకునేవాళ్ళకి చెప్పు. తడిసిన మసిగుడ్డతో వేడి గిన్నె పట్టుకోవద్దని కూడా చెప్పు. తడిలోంచి వేడి తొందరగా చేతికి వస్తుంది. వెండి కాగితంలా మెరిసే పొర ఉన్న ముక్కలు దొరికితే అవి వేడిని వెనక్కి కొట్టడానికి చేసినవి. వాటితోపాటు ఒక కాటన్ పొర ఉండాలి, వాటిలో లోహం ఉంటుంది కాబట్టి మైక్రోవేవ్‌లోకి అస్సలు వెళ్ళకూడదు. మైక్రోవేవ్‌లో గిన్నె కింద పెట్టే గుడ్డ గిన్నెలు ఈమధ్య చాలామంది కుడుతున్నారు. నువ్వు ఈ మూటల్లోని ముక్కలతో అవి కుట్టొద్దు. ప్యాకెట్ నీ కళ్ళముందు విప్పి 100 శాతం కాటన్ అని చదివితే అప్పుడు చూద్దాం.

ఇక పసిపిల్లల దిండ్లు. వద్దు తల్లీ. ఏడాది లోపు బిడ్డ నిద్రపోయే చోట దిండు, మెత్తలు, ఉయ్యాల చుట్టూ కట్టే దిండు అంచులు ఏవీ ఉండకూడదని డాక్టర్లు గట్టిగా చెబుతారు. ముఖం వాటిలో కూరుకుపోతే బిడ్డ తల తిప్పుకోలేదు. అమెరికాలో 2022లో చట్టం చేసి ఆ ఉయ్యాల అంచుల అమ్మకాన్నే నిషేధించారు. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, ఎవరో ఒకరు పక్కన ఉండి నేల మీద ఆడించడానికి పలచటి పరుపు కుట్టు. అది ఎవరికిచ్చినా సంతోషిస్తారు.

ఇంకొకటి. కాటన్ ముక్కలతో చెక్క సామాను పాలిష్ పెట్టొచ్చని ఎవరో ఒకరు చెబుతారు. బాగానే పనిచేస్తుంది. కానీ అవిసె నూనె కలిసిన పాలిష్ అయితే, తుడిచిన ముక్కని ఉండ చుట్టి మూల పడేయకు. ఆ నూనె ఆరేటప్పుడు గాలిలో ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. బయట ఒక్కొక్కటి విడిగా పరిచి పూర్తిగా ఆరనివ్వు, లేదా నీళ్ళు నింపిన మూత ఉన్న రేకు డబ్బాలో వెయ్యి. నా భయాలన్నీ నిప్పు చుట్టూనే తిరుగుతాయని నీకు తెలుసు. ఆ రోజు కుళాయి దగ్గర ఆ చెయ్యి పట్టుకున్నది నేను.

భయపెట్టడం అయిపోయింది. పాలిస్టర్‌ని మూలన పడేయమని కాదు నా మాట. వేడికి దూరంగా దానంత మంచిది లేదు. తొందరగా ఆరుతుంది, ఉబ్బు పోదు. బొమ్మల్లో కూరడానికి, కళ్ళజోడు సంచులకి, భుజానికి తగిలించుకునే సంచి పట్టీలకి, బట్టల హ్యాంగర్ల భుజాలకి, తలుపు కింద సందులో పెట్టే పొడుగు దిండుకి అదే వెయ్యి. దుమ్ము తుడిచే కర్రకి చుడితే ఇంకా బాగుంటుంది, రుద్దినకొద్దీ దుమ్ముని తనవైపు లాక్కుంటుంది. బొమ్మలో కూరేటప్పుడు ముక్కని అలాగే తోసేయకు, వేళ్ళతో పీకి పోగులుగా విడదియ్యి, లేకపోతే ఉండలు తగులుతాయి. చిన్నపిల్లల బొమ్మకి గుండీ కళ్ళు పెట్టకు, దారంతో కుట్టు. కుట్టు రెండుసార్లు వెయ్యి.

ఉన్ని ముక్కలు గుండుసూదులు గుచ్చే చిన్న దిండుకి పెట్టు, సూది సాఫీగా దిగుతుంది. కాస్త పెద్దవి దొరికితే ఇస్త్రీ కింద పరుచుకో. అరచేతిలో సగం ఉన్న ముక్కలు కూడా పారేయకు. అసలు బొంత మిషన్ కిందికి వెళ్ళేముందు, అదే గుడ్డా అదే పొరా చిన్నగా పెట్టి దారం బిగువు సరిచూసుకోవడానికి అవి కావాలి.

అన్నిటికంటే చిన్న పీలికలతో నాకు ఇష్టమైన పని ఒకటుంది. పువ్వో ఆకో గీత చుట్టూ కుట్టాక, వెనక గుడ్డకి చిన్న గంటు పెట్టి, మొద్దు సూదితో పీలికలు లోపలికి తోసి, గంటు మళ్ళీ కుట్టేస్తే ఆ పువ్వు ఉబ్బి పైకి లేస్తుంది. ఎక్కువ తోయకు, చుట్టూ గుడ్డ ముడతలు పడుతుంది. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, 14వ శతాబ్దం చివరి కాలంలో ఇటలీ దీవి సిసిలీలో కుట్టిన ఒక క్విల్ట్ ఉంది. ట్రిస్టన్ అనే పాత యూరప్ కథానాయకుడి కథలోని ఘట్టాలు అందులో మనుషులుగా, గుర్రాలుగా, పడవలుగా ఇలాగే దూదితో ఉబ్బి కనిపిస్తాయి. 600 ఏళ్ళు దాటినా ఆ ఉబ్బు తెలుస్తూనే ఉంది. నీ చేతికి ఆ పని వస్తుందని నా నమ్మకం. మీ అమ్మకి వచ్చు.

పెద్ద ముక్కలు కలిపి ఒక బొంతకి సరిపడా చెయ్యొచ్చు. ఒకదాని మీద ఒకటి ఎక్కించకు, గట్టు కట్టినట్టు తెలుస్తుంది. అంచులు తిన్నగా కోసి, అంచుకి అంచు ఆనించి, వెడల్పు జిగ్‌జాగ్ కుట్టు వెయ్యి. మరీ లాగి కుట్టకు. జాతీ మందమూ ఒకటే అయిన ముక్కలే కలుపు. కాటన్ బ్యాటింగ్ ఉతికితే సాధారణంగా నూటికి 3 నుంచి 5 పాళ్ళు కుంచించుకుపోతుంది, పాలిస్టర్ దాదాపు అలాగే ఉంటుంది. రెండూ పక్కపక్కన వేస్తే మొదటి ఉతుకులోనే ఒకవైపు ముడుచుకుపోతుంది. పొరని నిలబెట్టే కుట్ల మధ్య ఎంత దూరం ఉండొచ్చో ప్యాకెట్ మీద ఉంటుంది, నీకు ప్యాకెట్ లేదు కాబట్టి మూడు అంగుళాలు దాటనివ్వకు. లేకపోతే లోపల పొర జారి ఒక మూలకి చేరుతుంది.

పిట్టలు గూడు కట్టుకుంటాయని పీలికలు బయట పెట్టకు. ఆ పోగులు పిట్ట పిల్లల కాళ్ళకి చుట్టుకుంటాయి. నిజంగా దేనికీ రానివి ఒక సంచిలో వేసి, గాజు సామాను సర్దేటప్పుడు మధ్యలో పెట్టుకో.

నువ్వు కుట్టిన ప్రతి దానికీ వెనక చిన్న గుడ్డ పట్టీ కుట్టి, లోపల ఏముందో రాయి. తీసుకున్నవాళ్ళు ఇంకొకరికి ఇచ్చినా ఆ మాట దానితోపాటే వెళ్తుంది.

ఆదివారం మీ అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని మూటలు విప్పు. కాల్చి చూసే పని నువ్వు చెయ్యి, చీటీలు తనని రాయమను. తన మిషన్ పైన అటక మీద ఉంది, జిగ్‌జాగ్ కుట్టు పడుతుందో లేదో చూసి నాకు ఫోన్ చెయ్యి. పడకపోతే చేత్తో ఎలా కలపాలో చూపిస్తాను.

మీ పెద్దమ్మ