ఆ దీపాలు చూసి ఒళ్లు పులకరిస్తే తప్పా?

ప్రశ్న: నేను డ్రాయింగ్ టీచర్ని. మొన్న విజయవాడలో స్నేహితుల ఇంట్లో 'ది ఆర్కిటెక్చర్ ఆఫ్ డూమ్' అనే డాక్యుమెంటరీ చూశాం, హిట్లర్ కాలపు బొమ్మలు, శిల్పాలు, భవనాల మీద. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో హిట్లర్ నాజీ పార్టీ పెట్టిన సభల్లో రాత్రిపూట ఆకాశంలోకి నిలువుగా లేచిన దీపాలు చూసి నాకు ఒళ్లు పులకరించింది. ఆ తర్వాత ఇంటికెళ్లే బస్సులో నా మీద నాకే అసహ్యమేసింది. నాలో ఏమైనా లోపం ఉందా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

లోపం ఏమీ లేదమ్మా. ఆ దీపాలు పెట్టిందే ఒళ్లు పులకరించడానికి. అవి శత్రు విమానాల్ని వెతికే సర్చ్‌లైట్లు. ఆల్బర్ట్ స్పీర్ అనే ఆర్కిటెక్ట్ నూటికి పైగా లైట్లు తెప్పించి మైదానం చుట్టూ పెట్టించాడు, మధ్యలో నిలబడ్డ మనిషికి తను చీమంత అనిపించాలి, అంత పెద్దదానిలో తనకీ చోటు దొరికిందనీ అనిపించాలి. పీటర్ కోహెన్ 1989లో స్వీడన్‌లో ఈ సినిమా తీసినప్పుడు ఆ అందాన్ని దాచిపెట్టలేదు. దాచి ఉంటే అంతమంది ఎలా పడిపోయారో మనకి ఎప్పటికీ అర్థమయ్యేది కాదు.

మీరు టీచర్ కాబట్టి ఇంకోటి చెప్తాను. 1937 జులై 18న మ్యూనిక్‌లో జర్మన్ కళ కోసమని కట్టిన కొత్త భవనంలో పెద్ద ఎగ్జిబిషన్ మొదలైంది, నున్నటి దేహాలు, పొలాలు, వీరులు. మర్నాడే కూతవేటు దూరంలో ఇంకోటి పెట్టారు, 'భ్రష్టు పట్టిన కళ' అని పేరు. మ్యూజియంల నుంచి లాక్కొచ్చిన సుమారు 650 కొత్త తరహా బొమ్మల్ని ఇరుకు గదుల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు తగిలించారు, కొన్ని వంకరగా. గోడల మీద తిట్లు రాశారు. ఏ బొమ్మకి ప్రజల డబ్బు ఎంత పోశారో పక్కనే అంకెలు వేశారు. పిల్లాడి బొమ్మని క్లాసులో అందరి ముందూ తలకిందులుగా పట్టుకుని నవ్వితే ఆ పిల్లాడు మళ్లీ పెన్సిల్ పట్టుకుంటాడా? ఇరవై లక్షల మందికి పైగా వచ్చి చూశారు, అందరూ వెక్కిరించడానికే వచ్చారని మాత్రం నేను అనుకోను.

ఆ ఎగ్జిబిషన్ పుస్తకం అట్ట మీద ఒక పెద్ద తల శిల్పం ఉంటుంది, అది ఒట్టో ఫ్రాయిండ్లిష్ అనే జర్మన్ కళాకారుడు 1912లో చేసింది. ఆయన యూదుడు. 1943లో ఫ్రాన్స్‌లో పట్టుకుని పోలండ్‌లోని నాజీ క్యాంపుకి పంపి చంపేశారు. ముందు ఆయన చేసిన తలని నలుగురి నోళ్లలో పెట్టారు, ఆరేళ్లకి ఆయన్నే తీసుకెళ్లారు.

కాబట్టి ఏదైనా అంత పొందిగ్గా, మచ్చ లేకుండా కనిపించినప్పుడు అక్కడినుంచి ఎవర్ని లేపేశారో వెతకండి. మీ పక్కనే అమరావతి ఉంది. ఆ స్తూపం ఫలకాల్లో పూలదండ మోసే యక్షుల్ని చూడండి, పొట్టి కాళ్లు, బాన పొట్ట, బరువుకి వంగిన మెడ. ఆ శిల్పి వాళ్లని ఎంత ఇష్టంగా చెక్కాడో! వీలైతే మీ పిల్లల చేత ఒకసారి గీయించండి.

ప్రశ్న: వియన్నాలో హిట్లర్‌కి ఆర్ట్ కాలేజీలో సీటు ఇచ్చి ఉంటే ఇదంతా జరిగేది కాదు కదా?
– డిగ్రీ విద్యార్థి, గుణదల

1907లో ఒకసారి, 1908లో ఇంకోసారి సీటు రాలేదు, నిజమే. సీటు రానివాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఎంతోమంది ఉంటారు. కోట్ల మంది చావుని పరీక్ష పెట్టినవాళ్ల మెడకి చుట్టడం నాకు ఒప్పదు. నాజీలు కళాకారుల్ని ఎలా చూశారో తెలియాలంటే ఎమిల్ నోల్డే అనే చిత్రకారుడి గురించి చదవండి. ఆయన ఆ పార్టీలో చేరాడు, యూదుల మీద విషం కక్కాడు, అయినా మ్యూజియంల నుంచి ఆయన బొమ్మలు వెయ్యికి పైగా పట్టుకుపోయారు, 1941లో వృత్తే చేయకూడదన్నారు.

ప్రశ్న: మా అబ్బాయికి బుద్ధిమాంద్యం. 'ది ఆర్కిటెక్చర్ ఆఫ్ డూమ్' సినిమాలో బొమ్మల కథ నడుస్తుండగా ఆసుపత్రుల్లో రోగుల్ని చంపడం దగ్గరికి వెళ్లేసరికి ఆపేశాను. ఈ రెండింటికీ సంబంధం ఏంటి?
– ఒక తండ్రి, పటమట

ఆపేసి మంచిపని చేశారు సార్, ఆ భాగం చూడకపోయినా ఫర్వాలేదు. సంబంధం మాత్రం సినిమావాళ్లు అతికించింది కాదు. 1928లోనే షుల్ట్సె-నౌంబుర్గ్ అనే ఆర్కిటెక్ట్ ఒక పుస్తకంలో కొత్త చిత్రకారుల బొమ్మల పక్కన రోగుల ఫొటోలు, వైకల్యం ఉన్నవాళ్ల ఫొటోలు పెట్టి, చూడండి రెండూ ఒకటే అన్నాడు. బొమ్మలో ఆ మొహం ఉండకూడదన్నవాళ్లు తర్వాత మనుషుల్లోనూ ఉండకూడదన్నారు. యుద్ధం మొదలైన 1939 సెప్టెంబర్ 1వ తేదీ వేసి హిట్లర్ సంతకం చేసిన కాగితంతో ఆసుపత్రుల్లో హత్యలకి అనుమతి దొరికింది. డాక్టర్లు రోగి మొహం కూడా చూడకుండా ఫారం మీద గుర్తు పెట్టేవారు. 1941 ఆగస్టులో హిట్లర్ ఆపమనేసరికి సుమారు 70,000 మందిని గ్యాస్ పెట్టి చంపారు, ఆ తర్వాత తిండి పెట్టకుండా, సూదిమందుతో గుట్టుగా కొనసాగించారు.

వాళ్లలో ఎల్‌ఫ్రీడే లోజె-వెష్ట్‌లర్ అనే చిత్రకారిణి ఉంది. 1929లో హాంబర్గ్ మానసిక ఆసుపత్రిలో ఉన్నప్పుడు తోటి రోగుల మొహాలు గీసింది. 1935లో బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు, ఆ తర్వాత ఆమె బొమ్మలు గీయడం ఆగిపోయింది. 1940 జులైలో జర్మనీలోని పిర్నా అనే ఊళ్లో చంపేశారు. హాంబర్గ్‌లో గీసిన ఆ మొహాలు కొన్ని మిగిలాయి. సినిమా వద్దు, అవి చూడండి, అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూడగలిగిన బొమ్మలవి.