కంకషన్ దావా పడ్డది, సమన్లలో నా పేరే ఉంది: ఏం చేయాలె?

డాలస్, హ్యూస్టన్ దిక్కు కొత్తగా కుదురుకున్న మిర్యాలగూడ, జడ్చర్ల పిల్లలు ఎక్కువగా భయపడేది ఇక్కడే. చిన్న యాక్సిడెంట్ అయిన ఏడాదిన్నరకు తలకు కంకషన్ (దెబ్బకు మెదడు అదిరే గాయం) అయిందని దావా వస్తది. కాగితంలో ఇన్సూరెన్స్ కంపెనీ పేరు కనిపించదు.

నల్గొండ ట్రిబ్యునల్ల అయితే డ్రైవర్, ఓనర్‌తోపాటు కంపెనీ కూడా ప్రతివాదే. టెక్సస్‌లో మాత్రం సాధారణంగా దావా మీ మీదనే. వెనుక ఉండి వకీలును పెట్టేది, ఫీజు కట్టేది కంపెనీయే. గాయం దావాకు గడువు 2 ఏండ్లు కాబట్టి ఆలస్యంగా రావడం వింతేం కాదు.

సమన్లు అందిన రోజే అన్ని పేజీలు క్లెయిమ్ నంబర్‌తో కంపెనీకి పంపి, ముట్టినట్టు ఈమెయిల్ తెప్పించుకోండి. రాష్ట్ర జిల్లా, కౌంటీ కోర్టుల్లో జవాబుకు గడువు, అందినప్పటి నుంచి 20 రోజులు దాటినంక వచ్చే సోమవారం పొద్దున 10 గంటలు. అది తప్పితే మీ మాట వినకుండానే తీర్పు ఇయ్యొచ్చు. ఎదుటివాళ్లకు ఫోన్ చేసి పెద్దమనుషుల్ల తెంపుకుందామనకండి. డాష్‌క్యామ్ వీడియో, మెసేజ్‌లు, పోస్టులు ఏవీ తుడవకండి; సాక్ష్యం మాయం చేసిండని కోర్టు మీ మీదకే తిప్పుతది.

ఇక అసలు గాయం సంగతి. "స్కాన్ నార్మలే కదా" అన్న వాదన నిలబడదు. కంకషన్‌లో సీటీ స్కాన్ చాలాసార్లు నార్మల్‌గానే ఉంటది, స్పృహ తప్పాలనీ లేదు. అందుకే మీ వకీలు తవ్వేది రికార్డులను. అంబులెన్స్ వాళ్లు ఏం రాసుకున్నరు, స్పృహ ఎంతుందో కొలిచే గ్లాస్గో స్కోరు 15కు ఎంత, తల తగిలిందని దావా వేసినాయన ఎమర్జెన్సీలో చెప్పిండా, తలనొప్పి మాట మొదట ఏ తేదీన వచ్చింది, మధ్యలో నెలల తరబడి డాక్టర్ దగ్గరికి పోలేదా, ఇదివరకే మైగ్రేన్, డిప్రెషన్, నిద్ర సమస్య, ఆటల్లో దెబ్బలు ఉన్నయా అని చూస్తరు. మన తరఫు డాక్టర్‌తో ఆయనకు పరీక్ష చేయించమని మీ వకీలు కోర్టును అడగొచ్చు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మనసుపెట్టి చేసిండా లేదా పట్టుకునే కొలతలు కూడా ఉంటయి. కారు బ్లాక్‌బాక్స్‌లో గుద్దినప్పుడు వేగం ఎంత మారిందో దొరకొచ్చు. కారు స్క్రాప్‌కు పోకముందే ఆ డేటా తీయించమని చెప్పండి.

పాత జబ్బు ఉందని తేలినంత మాత్రాన కేసు కొట్టుకుపోదు. ఉన్న బాధను యాక్సిడెంట్ పెంచితే, పెరిగిన మేరకు పరిహారం రావొచ్చు. నటిస్తున్నడని మీరు అననే వద్దు, అది నిపుణులు తేల్చాల్సిన ముచ్చట.

డిపోజిషన్‌లో, అంటే విచారణకు ముందు ఎదుటి వకీలు ప్రమాణం మీద ప్రశ్నలడిగే కాడ, మనోళ్లు బోర్లపడేది మాటతీరుతోనే. అర్థం కాకున్నా మర్యాదకు "ఆఁ, ఆఁ" అంటే అది ఒప్పుకున్నట్టు రికార్డైతది. "నలభై మీద పోతున్ననేమో" అన్న అందాజా ప్రమాణం మీద చెప్పిన మాట అయి కూచుంటది. తెలియకుంటే తెలియదనండి. ఇంగ్లిష్ మీద ధీమా లేకుంటే తెలుగు దుబాసీ కావాలని వకీలుకు ముందే చెప్పండి.

పాలసీ కాగితం కూడా తీసి చూడండి. టెక్సస్ కనీస పాలసీ ఒక్క మనిషి గాయానికి 30,000 డాలర్లే. తీర్పు సొమ్ము పాలసీ పరిమితి దాటితే మిగిలింది మీ నెత్తిమీదే. పరిమితిలోపు రాజీకి ఎదుటిపక్షం రాతపూర్వకంగా అడిగితే, ఒప్పుకోమని మీరూ కంపెనీకి రాయండి. సబబైన డిమాండును కాలదన్నితే, పైన పడ్డ సొమ్ముకు కంపెనీయే బాధ్యత వహించాల్సి రావొచ్చు. అక్కడ దీన్ని స్టోవర్స్ డిమాండ్ అంటరు. ఆ ఉత్తరం వచ్చిన్నాడు సొంతంగా ఒక వకీలుకు చూపించుకోవడం దండుగ ఖర్చు కాదు.

పాలమూరుకు టికెట్ బుక్ చేసే ముందు తేదీలు వకీలుకు చెప్పండి. మీరు ఊర్ల ఉన్నా కేసు ఆగదు.