‘గెట్’ అంటే ‘పొందు’ అని నేర్చుకున్నాం, మరి దానికి ఇన్ని అర్థాలేంటి? ఎలా గుర్తుపెట్టుకోవాలి?

అర్థాల జాబితా బట్టీ పట్టకండి. నేను ఆ పని చేసే దెబ్బతిన్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా మేనేజర్‌కి ఒక లెక్కల ఫైల్ పంపితే, ఆవిడ ఫోన్ చేసి ‘ఐ డోంట్ గెట్ ఇట్’ అన్నారు. అందలేదేమో అనుకుని మళ్లీ పంపాను. మళ్లీ అదే మాట. మూడోసారీ పంపి, నెట్ సరిగ్గా లేదేమో మేడమ్ అని సంజాయిషీ కూడా ఇచ్చుకున్నాను. తీరా చూస్తే ఫైల్ మొదటిసారే అందింది, నేను రాసిందే ఆవిడకు అర్థం కాలేదు! (అందకపోతే ‘డోంట్’ అనరు, ‘డిడ్‌న్ట్’ అంటారు. ఆ టెన్షన్‌లో అదెక్కడ చెవికెక్కుతుంది.)

తర్వాత నాకు దారి చూపింది డిక్షనరీ కాదు, మన ‘పడు’. జారి పడ్డాడు, భయపడ్డాడు, జీతం పడింది, వాళ్లిద్దరికీ పడదు. ఇవన్నీ మనకెవరు నేర్పారు? పక్కనున్న మాటను బట్టి తెలిసిపోతుంది. గెట్ కూడా అంతే, దాని తర్వాత ఏమొచ్చిందో చూడండి. ‘గెట్ ఎ జాబ్’లో దొరకడం, ‘గెట్ హోమ్’లో చేరడం. ‘టైర్డ్’, ‘ఓల్డ్’ లాంటివి వస్తే అలా మారడం: ‘ఐ యామ్ టైర్డ్’ అంటే అలసిపోయి ఉన్నాను, ‘ఐ యామ్ గెటింగ్ టైర్డ్’ అంటే ఇప్పుడిప్పుడే అలసట వస్తోంది.

ఎక్కువమంది తడబడేది ఇంకోచోట. ‘ఐ రిపేర్డ్ ది బైక్’ అంటే నేనే బాగుచేశాను, ‘ఐ గాట్ ది బైక్ రిపేర్డ్’ అంటే వేరేవాళ్లతో బాగుచేయించాను. మనం ‘చేయు’ను ‘చేయించు’ చేస్తే సరిపోయే పనికి వాళ్లకు గెట్ కావాలి. చాలామంది మెకానిక్ చేసిన పనికి కూడా ‘ఐ రిపేర్డ్’ అనేస్తుంటారు, వినేవాళ్లేమో వీళ్లకు రెంచీ పట్టడం వచ్చనుకుంటారు. ‘గాట్ ఫైర్డ్’లో ఇంకో రకం, అక్కడ జరిగింది మన మీద: ఉద్యోగంలోంచి తీసేశారు.

గెట్ బై (ఉన్నదాంతో నెట్టుకురావడం), గెట్ అవే విత్ (తప్పు చేసి కూడా శిక్ష తప్పించుకోవడం) లాంటి జంటలకు మాత్రం ఈ కిటుకు పనిచేయదు, విడిగా నేర్చుకోవాల్సిందే. ‘దే డోంట్ గెట్ అలాంగ్’ ఒక్కటి నాకు వెంటనే పట్టుబడింది, ఎందుకంటే అది అచ్చంగా మన ‘వాళ్లిద్దరికీ పడదు’.

ఆఫీసు మెయిళ్లలో మాత్రం నేను ఇప్పటికీ ‘రిసీవ్డ్’ అనే రాస్తాను.