విజిల్ మోగగానే పరుగెత్తాలా?

ప్రశ్న: నేను కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఫార్వర్డ్‌గా ఆడుతున్నాను. సాధనలో నా పెనాల్టీలు దాదాపు అన్నీ గోల్‌ అవుతాయి. మ్యాచ్‌లో మాత్రం బంతిని స్పాట్ మీద పెట్టగానే గుండె దడదడలాడి, త్వరగా కొట్టేసి బయటపడాలనిపిస్తుంది. మొన్న మ్యాచ్ సమమయ్యాక గెలుపు తేల్చేందుకు పెట్టిన పెనాల్టీ షూటౌట్‌లో నేరుగా కీపర్ చేతుల్లోకే కొట్టాను. ఈ భయం పోయే మార్గం ఏమిటి?

జవాబు: భయం పూర్తిగా పోదు, పోయేదాకా ఆగవలసిన పని కూడా లేదు. మీరు దృష్టి పెట్టవలసింది ‘త్వరగా కొట్టేసి బయటపడాలి’ అన్న తొందర మీద. పెద్ద టోర్నమెంట్ల షూటౌట్లను ఏళ్ల తరబడి పరిశీలించిన నార్వే పరిశోధకుడు గైర్ యోర్డెట్, విజిల్ మోగిన మరుక్షణమే పరుగు అందుకున్న ఆటగాళ్లు, కాస్త నిదానించి మొదలుపెట్టినవారి కంటే ఎక్కువగా విఫలమవుతున్నారని గమనించారు. విజిల్ వేయడమంటే రెఫరీ అనుమతి ఇచ్చాడని అర్థం. అదే క్షణంలో పరుగెత్తి తీరాలని ఏ నిబంధనా చెప్పదు.

కాబట్టి బంతిని మీ చేతులతో మీరే పెట్టండి. ఆనే కాలు పడే చోట గడ్డి జారేలా ఉందేమో బూటుతో నొక్కి చూడండి. కీపర్‌కు వీపు చూపకుండా వెనక్కి అడుగులు వేసి, విజిల్ విన్నాక ఒక్కసారి నిండుగా ఊపిరి వదిలి, అప్పుడు కదలండి. ఈ క్రమం సాధనలోనూ మ్యాచ్‌లోనూ ఒక్కటే అయి ఉండాలి. ఇక మీ సాధన పద్ధతి గురించి నాకొక అనుమానం ఉంది: ఒకేచోట నిలబడి, వరుసగా బంతి తర్వాత బంతి కొడుతూ ఉంటారు కాబోలు. షూటౌట్‌లో దొరికేది ఒక్క కిక్కే. అదీ కాళ్లు అలిసిపోయాక, మధ్య వలయం నుంచి సుమారు 40 మీటర్లు ఒంటరిగా నడిచి వచ్చాక. అందుకే సాధన ముగిసే వేళ, సహచరులంతా చూస్తుండగా, అంత దూరమూ నడిచి వచ్చి, ఒకే ఒక్కటి కొట్టి వెళ్లిపోవడం అలవాటు చేసుకోండి. 1996 యూరో (ఐరోపా దేశాల కప్) సెమీఫైనల్‌లో జర్మనీపై పెనాల్టీ చేజార్చుకున్న గారెత్ సౌత్‌గేట్, 2018 నాటికి ఇంగ్లండ్ కోచ్‌గా ఈ తొందర తగ్గించడం మీదనే ఆటగాళ్లతో పనిచేయించారు. ఆ ఏడాది కొలంబియాపై 4-3తో గెలిచింది ప్రపంచకప్‌లో ఇంగ్లండ్‌కు తొలి షూటౌట్ విజయం.

ఓటమి భారమంతా మీ ఒక్కరి నెత్తిన వేసుకోకండి. 1994 ప్రపంచకప్ ఫైనల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది బ్రెజిల్‌పై షూటౌట్‌లో బంతిని క్రాస్‌బార్ మీదుగా పంపిన ఇటలీ ఆటగాడు రాబర్టో బాజియోనే. కానీ అంతకుముందే అతని సహచరులు బరేసీ, మస్సారో విఫలమయ్యారు. బాజియో గోల్ చేసి ఉన్నా స్కోరు 3-3 అయ్యేది, బ్రెజిల్‌కు ఇంకా ఒక కిక్ మిగిలి ఉండేది.

ప్రశ్న: ఏ మూలకు కొట్టాలో ముందే నిర్ణయించుకోవాలా, కీపర్ కదిలే దిక్కు చూసి కొట్టాలా? కీపర్ కావాలని ఆలస్యం చేస్తుంటే ఏం చేయాలి?

జవాబు: ముందే నిర్ణయించుకోవడం మేలు. గట్టిగా కొట్టిన బంతి 11 మీటర్ల దూరాన్ని సుమారు అర సెకనులో దాటుతుంది; 7.32 మీటర్ల వెడల్పున్న గోల్‌లో మూలకు చేరాలంటే కీపర్ కూడా ముందే ఒక వైపు ఎంచుకోక తప్పదు. అతని కదలికను కనిపెట్టి కొట్టే నేర్పు ఇటలీ ఆటగాడు జోర్జిన్యో వంటి కొందరికి ఉన్నమాట నిజమే. అయితే ఒత్తిడిలో ఉన్నవారి చూపు కీపర్ మీదే నిలిచిపోతుంది, బంతి కూడా చూపు వెంటే పోతుంది. మీరు చేతుల్లోకి కొట్టడానికి ఇదే కారణమై ఉండవచ్చు. పరుగు మధ్యలో మనసు మార్చుకోవడం అంతకంటే చేటు. 1976 యూరో ఫైనల్‌లో, బెల్‌గ్రేడ్‌లో, పశ్చిమ జర్మనీ కీపర్ సెప్ మాయర్ పక్కకు దూకగా చెకోస్లొవాకియా ఆటగాడు అంతోనిన్ పనెంకా బంతిని మధ్యలోకి మెల్లగా లేపి గోల్ చేసింది అప్పటికప్పుడు తోచిన చమత్కారం కాదు. తన క్లబ్ కీపర్‌తో పందేలు కట్టి చాలాకాలం సాధన చేసిన కిక్ అది.

ఆలస్యం సంగతికి వస్తే, 2022 ప్రపంచకప్ ఫైనల్ షూటౌట్‌లో అర్జెంటీనా కీపర్ ఎమిలియానో మార్టినెజ్ బంతిని దూరంగా విసిరి ఫ్రాన్స్ ఆటగాడు చువామెనీని ఎదురుచూసేలా చేశాడు. ఆ కిక్ పోస్టు పక్క నుంచి బయటకు పోయింది. కిక్ ఆలస్యం చేయడం, పోస్టులనో వలనో తాకుతూ కిక్ కొట్టేవాడిని చికాకు పరచడం కూడదని 2023లో నిబంధనల్లో స్పష్టంగా చేర్చారు. కాబట్టి కీపర్‌తో మాటకు దిగకుండా నాలుగడుగులు పక్కకు వెళ్లి నిలబడండి. సర్దుబాటు చేయవలసింది రెఫరీ.

ప్రశ్న: కాలు జారి బంతి రెండుసార్లు తగిలితే గోల్ చెల్లుతుందా?

జవాబు: చెల్లదు. 2025 మార్చిలో రియల్ మాడ్రిడ్‌పై షూటౌట్‌లో అట్లెటికో మాడ్రిడ్ ఆటగాడు హూలియన్ అల్వారెజ్ గోల్ ఇలాగే రద్దయింది. తర్వాత జూన్‌లో నిబంధనపై వచ్చిన వివరణ ప్రకారం, పొరపాటున రెండుసార్లు తగిలి బంతి గోల్‌లోకి వెళితే కిక్‌ను మళ్లీ కొట్టనిస్తారు. షూటౌట్‌లో అలా తగిలి గోల్ కాకపోతే మాత్రం ఆ కిక్ పోయినట్టే.